కండె నిండేదాకా

ఆ మిల్లులో ఆమెను అందరూ వదిన అనేవారు. నిజానికి ఆమె వదిన అయింది ఒక్కరికే, పక్క మిషను మీద పనిచేసే ఆడపడుచుకి. ఆ పిల్ల రోజంతా "వదినా, వదినా" అని గొంతు చించుకుని అరిచేసరికి, మిషన్ల రొదలో ఇంకే పేరూ వినపడక ఆ పిలుపే షెడ్డంతా పాకింది. చివరికి ఆమెకంటే పదేళ్ళు పెద్దవాడైన గేటు కాపలాదారు కూడా "వదినా, చీటీ చూపించు" అనేవాడు.

ఆమె పని తెగిన పోగులు అతకడం. పైనుంచి వచ్చే మెత్తటి పత్తి తాడు రోలర్ల మధ్య నలిగి, సాగి, వెంట్రుకంత పోగై కిందికి దిగుతుంది. ఒక కొక్కెంలోంచి దూరి, గిర్రున తిరిగే కదురు మీద కండెగా చుట్టుకుంటుంది. కొక్కేనికీ కదురుకీ మధ్య ఆ దారం తిరిగే వేగానికి దారం కంటికి ఆనదు. గాలిలో తెల్లటి బుడగ నిలబడినట్టు ఉంటుంది. మిషనుకి నాలుగు వందల కదుళ్ళు, నాలుగు వందల బుడగలు. బుడగ మరీ ఉబ్బిందా, పక్కనున్న రేకుకి కొట్టుకుని పుటుక్కున తెగుతుంది. అప్పుడు వదిన పరుగెత్తాలి. బొటనవేలితో కదురును ఆపి, దారం కొస వెతికి, రోలరు దగ్గర పోగుకి తాకించి వదిలేయాలి. రెప్పపాటు పని. షిఫ్టుకి కొన్ని వందల సార్లు చేసేది. ఇరవై రెండేళ్ళుగా చేస్తోంది.

అన్నేళ్ళు ఒకే పని చేస్తే చేతులు వాటంతటవే కదులుతాయి, బుర్రకి తీరిక దొరుకుతుంది. ఆ తీరికలో ఆమె ఒక సంగతి పట్టుకుంది. ఖాళీ కండెలు తొడిగిన మొదటి గంటలోనే పోగులు ఎక్కువగా తెగుతున్నాయి. దారాన్ని చుట్టే రింగులన్నీ ఒక పొడవాటి పట్టీ మీద ఉంటాయి. కండె నిండే కొద్దీ ఆ పట్టీ కింది నుంచి పైకి ఎక్కుతుంది. మొదట్లో పట్టీ అడుగున ఉంటుంది కాబట్టి దారం పొడుగు, బుడగ లావు. ఆ బుడగ నడుముని ఒక కమ్మీ చుట్టుతో పట్టి ఉంచితే?

పట్టి చూసింది. మొదటి గంట బ్రహ్మాండంగా సాగింది. కండె సగం దాటేసరికి పట్టీ పైకి వచ్చి, కదలకుండా నిలబడ్డ కమ్మీకి దగ్గరై, దారం మెలిపడి రాసుకుని టపటపా తెగడం మొదలుపెట్టింది. మొదటికే మోసం వచ్చింది.

ఆమె భర్త గొడుగులు బాగుచేసేవాడు. ఇంటి ముందు గదిలో సగం చచ్చిన గొడుగులు గబ్బిలాల్లా వేలాడుతుండేవి. ఒక సాయంత్రం ఆయన ఒక గొడుగు తెరిచీ మూసీ చూస్తుంటే ఆమె చేతిలో పని ఆపేసింది.

"ఇంకోసారి తెరవండి."

"ఇది ఇంకా బాగవలేదు."

"బాగవక్కర్లేదు, తెరవండి. మీ చెయ్యి జానెడు పైకి పోతే, ఈ కమ్మీ బెత్తెడే జరిగిందేంటి?"

"దాని కీలు అట్లాంటిది. కీలు ఎక్కడ పెడితే అంతే జరుగుతుంది."

"అయితే నాకు సగం జరిగే కీలు కావాలి."

భార్యకి మతిపోయిందేమో అని ఆయన ఒక్క క్షణం చూశాడు. తర్వాత కటింగు ప్లేయరు తీశాడు. ఇద్దరూ కూర్చుని రెండు విరిగిన గొడుగుల కమ్మీలతో ఒక చట్రం చేశారు. పన్నెండు కదుళ్ళకి పన్నెండు కమ్మీ చుట్లు, అన్నీ ఒకే బద్ద మీద. ఆ బద్దని రెండు కీళ్ళ చేతులతో రింగుల పట్టీకి తగిలించారు. పట్టీ ఎంత ఎక్కితే బద్ద అందులో సగం ఎక్కుతుంది. బుడగ చిన్నదయ్యే కొద్దీ దాని నడుము పట్టు కూడా పైకి తప్పుకుంటుంది. ఆమె మిషను చివర, గోడ వైపు, ఎవరి కంటా పడని చోట దాన్ని బిగించింది. అంతకుముందు ఆ పన్నెండు కదుళ్ళ మీద షిఫ్టుకి తొమ్మిది పది తెగేవి. ఇప్పుడు ఒకటి, మహా అయితే రెండు. పద్దెనిమిది రోజులు లెక్కపెట్టింది. ఇంటికి పాట పాడుకుంటూ వెళ్ళేది.

పంతొమ్మిదో రోజు మాస్టరు చూశాడు. షెడ్డుకి పెద్ద ఆయనే. ఇస్త్రీ నలగని చొక్కా, చెవిలో దూది. ఆయన వచ్చేసరికి నిండిన కండెలు దించి ఖాళీవి తొడుగుతున్నారు. మిషను ఆగి ఉంది, పట్టీ మళ్ళీ అడుగుకి దిగి ఉంది.

"ఏంటిది?"

ఆమె సంబరంగా చెప్పబోయింది. "బుడగని అదుపులో పెడుతుంది సార్. కండె నిండేదాకా ఉండి చూడండి, అప్పుడు తెలుస్తుంది దీని మహత్యం."

"నాకంత తీరికెక్కడిది?" అని ఆయన బద్ద ఎత్తు బెత్తెలతో కొలుచుకున్నాడు. కీళ్ళు చూసి మొహం చిట్లించాడు. "ఈ గొడుగు తుక్కేంటి, ఊగకుండా ఉండాలని కట్టావా?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు.

మూడు వారాల తర్వాత నోటీసు బోర్డు మీద ఫొటో పడింది. మేనేజరు, మాస్టరు చేతులు కలుపుతున్నారు. కింద అక్షరాలు: "మన స్పిన్నింగ్ మాస్టరు రూపొందించిన అదుపు బద్ద." అదే రోజు ఆరు మిషన్లకి కొత్త బద్దలు బిగించడం మొదలైంది. తళతళలాడే మంచి ఇనుము.

వదిన చేతులు కూడా కడుక్కోకుండా మేనేజరు గదికి వెళ్ళింది. జుట్టునిండా దూది.

"అది నేను చేసింది సార్."

మేనేజరు మాస్టరు వైపు చూశాడు. మాస్టరు తడుముకోలేదు. జాలిగా నవ్వి, సొరుగులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. ఈమె అనుమతి లేకుండా మిషను బోల్టులు వదులు చేసి పిచ్చి కమ్మీలు వేలాడగట్టిందనీ, అందువల్ల నూలు పాడైందనీ, అది తాను కళ్ళారా చూశాననీ అందులో రాసి ఉంది. కింద సంతకం ఆడపడుచుది.

ఆ సంతకం ఆమెకి బాగా తెలుసు. దగ్గర కూర్చోబెట్టి దిద్దించింది తనే.

"పాత మనిషివని ఉద్యోగం తీసెయ్యడం లేదు, సంతోషించు," అన్నాడు మాస్టరు. రేపటినుంచి తుక్కు గదికి పొమ్మన్నాడు. గోడ వైపున్న ఆమె బద్దని అప్పటికే పీకేశారు. గొడుగు కీళ్ళు చెత్తబుట్టలో కనిపించాయి. ఆమె వాటిని ఏరి చీర కొంగులో కట్టుకుంది.

ఇల్లు రెండు గదులు. ఆడపడుచు భర్త పోయాక ఆరేళ్ళుగా అన్న దగ్గరే ఉంటోంది. ఆ రాత్రి నుంచి ఇద్దరాడవాళ్ళకీ మాటల్లేవు. మధ్యలో ఆయన నలిగిపోయాడు.

"ఉప్పు డబ్బా ఇటు పెట్టమని మీ చెల్లెలితో చెప్పండి."

"అన్నయ్యా, డబ్బా వదిన పక్కనే ఉందని చెప్పు."

"మీ ఇద్దరికీ చెవులు పని చేస్తున్నాయిగా!" అని ఆయన నెత్తి కొట్టుకునేవాడు. ఒకరోజు నెమ్మదిగా, "వదిలేద్దూ, ఎంతకాలం రగులుతావు?" అన్నాడు.

"వదలను," అందామె. "నాకు పేరొద్దు, ఫొటో వద్దు. అందరి ముందూ వాడి తల దిగాలి. అది నేను కళ్ళారా చూడాలి. మీ చెల్లెలి తల కూడా." పక్క గదిలోకి వినపడేలాగే అంది.

తుక్కు గది షెడ్డు చివర, నడవ పక్కన. కిటికీ లేదు. పోగు తెగినప్పుడు రోలర్ల నుంచి వచ్చే పత్తి నేల మీద పడకుండా గొట్టాలు పీల్చుకుంటాయి. ఆ పత్తినంతా సంచుల్లో నింపి, మిషను నంబరు చీటీ కట్టి, ఈ గదికి పంపుతారు. తూచి, కలిపి, మూట కట్టడం ఆమె పని. మొదటి నెల దగ్గుతూ గడిచింది. పని చేస్తూ లోపల్లోపల మాస్టరుతో పోట్లాడుతూ ఉండేది. అప్పుడు అనలేకపోయిన మాటలన్నీ ఇప్పుడు వరసగా, అందంగా దొరికేవి. ఎవరికి చెప్పాలి? సంచులకి చెప్పేది.

రెండో నెలలో ఒక సంచిలో చెయ్యి పెట్టి ఆగిపోయింది. చీటీ మీద పదమూడు అని ఉంది. పదమూడు పాత మిషను, పొట్టి పీచు పత్తితో ముతక నూలు తీసేది. ఆమె చిటికెడు పత్తి తీసి రెండు చేతుల మునివేళ్ళతో లాగి చూసింది. పొడవాటి, పట్టులాంటి పీచు. అది సన్న నూలుకి వాడే పత్తి. సన్న నూలు తీసేది కొత్త బద్దలు బిగించిన ఆరు మిషన్ల మీదే. ఇంకో సంచి చూసింది. పద్నాలుగు. అదీ పొడుగు పీచే.

మాస్టరు చీటీలు మారుస్తున్నాడు!

ఎందుకో అర్థం కావడానికి ఆమెకి ఒక్క నిమిషం చాలింది. ఆయన కీళ్ళని తుక్కని పారేసి, బద్దని కదలకుండా బిగించాడు. మొదటి గంట నిజంగానే బాగుంటుంది, ఆ గంట లెక్కే పైకి పంపుతాడు. చివరి గంటలో పోగులు కుప్పలుగా తెగుతాయి. ఆ తుక్కు పాత మిషన్ల ఖాతాలోకి పోతుంది. తనని ఒక్క మాట అడిగి ఉంటే చాలు. తను మొదట చేసిన తప్పే అది.

ఆమె గది మూలన కూర్చుని నవ్వింది. అలా నవ్వి ఎన్నాళ్ళైందో.

ఆ రోజు నుంచి అబద్ధపు చీటీ ఉన్న ప్రతి సంచిలోంచి గుప్పెడు పత్తి తీసి, ఆ చీటీతోనే, తేదీ రాసి, గుడ్డలో మూట కట్టింది. వెంటనే మేనేజరు దగ్గరికి వెళ్ళి ఉండవచ్చు. వెళ్ళలేదు. మేనేజరు గది తలుపు వేసి సర్దేస్తాడు. ఆమెకి సర్దడం అక్కర్లేదు, జనం కావాలి. ఇంతలో ఆ ఆరు మిషన్ల ఆడవాళ్ళు చివరి గంటలో పరుగెత్తలేక చస్తున్నారు. ఒకామె వచ్చి వాచిన పాదాలు చూపించి, "ఏం మాయరోగమో వదినా, కండె నిండే వేళకి దయ్యం పట్టినట్టు తెగుతాయి," అని ఏడ్చింది. దాని మందు వదిన రోజూ కొంగున కట్టుకు తిరిగే కీళ్ళలోనే ఉంది. "వేన్నీళ్ళలో పెట్టు," అని ఊరుకుంది. ఆ ఆరింటిలో ఒక మిషను ఆడపడుచుది. అదీ తెలుసు.

తుక్కు గదికి వచ్చిన నాలుగు నెలలకి ఆ రోజు వచ్చింది. స్పిన్నింగ్ మిషన్లు తయారుచేసే కంపెనీ వాళ్ళు అదుపు బద్దని చూడ్డానికి వస్తున్నారన్నారు. వచ్చింది ఒక పెద్దావిడ, ఇంజినీరు, ఆమె వెంట సహాయకుడు. యజమాని స్వయంగా వచ్చాడు. మాస్టరు అన్నీ ముందే సర్దిపెట్టాడు. వాళ్ళు అడుగుపెట్టే వేళకి కొత్త కండెలు తొడిగించాడు. నలభై నిమిషాలు చూపించి, టీకి ఆఫీసు గదికి తీసుకుపోవాలని ఆయన లెక్క.

నలభై నిమిషాలూ మిషను ముత్యంలా నడిచింది. యజమాని మొహం వెలిగిపోయింది. అందరూ నడవలోంచి ఆఫీసు వైపు బయలుదేరారు. తుక్కు గది దాటుతుండగా వదిన గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"నమస్కారమండీ. కండె నిండేదాకా ఉండరా?"

మాస్టరు నవ్వాడు. "మా పాత మనిషండీ. కాస్త..." అని తల దగ్గర వేలు తిప్పాడు.

ఇంజినీరు ఆగింది. వదిన జుట్టులోని దూదిని, ఆమె వేళ్ళని చూసింది. "ఏం, నిండే వేళకి ఏమవుతుంది?" అంది.

"నేను చెప్తే నమ్మరండి. చూస్తే నమ్ముతారు."

"టీ ఇక్కడికే తెప్పించండి," అంది ఇంజినీరు.

మాస్టరు నీళ్ళు నమిలాడు. యజమానికి ఇంకో పని ఉందని గుర్తుచేశాడు. యజమాని తనకే పనీ లేదన్నాడు. వెనక్కి వచ్చి మిషను ముందు స్టూళ్ళు వేశారు. వదిన గోడకి ఆనుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. పట్టీ ఎక్కుతోంది. సగం దాటింది. మాస్టరు జేబురుమాలు తీశాడు. మొదటి పోగు తెగింది. తర్వాత రెండు. ఆ తర్వాత వరసలు వరసలుగా, మిరపకాయల దండ తెగి రాలినట్టు.

ఆ మిషను ఆడపడుచుది. ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తుతోంది. ఒకటి అతికితే నాలుగు తెగుతున్నాయి. కళ్ళు చికిలించి, మొహం కదుళ్ళ దగ్గరదాకా పెట్టి వెతుక్కుంటోంది. నాలుగు నెలల్లో మొదటిసారి నేరుగా మాట్లాడింది. "వదినా! ఒక్క చెయ్యి వెయ్యి వదినా!"

వదిన కదల్లేదు. ఆ పిలుపు కోసమే ఇన్నాళ్ళూ కాచుకున్నానని ఆమెకి అప్పుడే తెలిసింది. కడుపు చల్లబడింది.

"చూశారుగా, వీళ్ళ చేతివాటం!" అన్నాడు మాస్టరు. "శ్రద్ధ లేదండీ ఈ ఆడవాళ్ళకి. మామూలుగా ఇంత తుక్కు రాదు, రికార్డులున్నాయి."

వదిన తుక్కు గదిలోకి వెళ్ళి మూటలు తెచ్చి ఇంజినీరు ముందు విప్పింది. "ఇవండీ ఆయన రికార్డులు. పదమూడో నంబరు చీటీ. పీచు లాగి చూడండి, పదమూడుదో కాదో మీకే తెలుస్తుంది."

ఇంజినీరు చిటికెడు పత్తి తీసి, ఆమెలాగే మునివేళ్ళతో లాగింది. ఇంకో మూటలోంచి తీసి లాగింది. ఆరు మూటలు చూసింది. ఒక చిటికెడు యజమాని అరచేతిలో పెట్టింది. మాస్టరు తల దిగింది. షెడ్డులో ముప్ఫైమంది చూస్తుండగా దిగింది. వదిన రెప్ప వాల్చకుండా చూసింది.

"దీనికి విరుగుడు నీకు తెలుసా?" అంది ఇంజినీరు.

వదిన కొంగు ముడి విప్పింది. కీళ్ళు తీసి చూపించింది. "దీనికి అసలు తల్లిని నేను. కానీ బిగించేముందు ఒక మాట వినాలి. నేను మిషను పాడుచేశానని సంతకం పెట్టినామె ఇక్కడే ఉంది. అబద్ధమని అందరిముందూ చెప్పమనండి."

ఆ మాట ఎవరికీ అక్కర్లేదు. మాస్టరు ఓడిపోయాడు, పని అయిపోయింది. అయినా ఆమె వదల్లేదు.

ఆడపడుచు మిషను ఆపి వచ్చింది. మొహం నిండా చెమట, దూది. "అబద్ధమే," అంది. "మా వదిన ఏమీ పాడుచెయ్యలేదు. నాకు కళ్ళు కనపడ్డం లేదండి. ఏడాదైంది. పోగు తెగితే చేత్తో తడిమి పట్టుకుంటున్నాను. మాస్టరు గారు కనిపెట్టేశారు. సంతకం పెట్టకపోతే గేటు బయటికి పంపిస్తానన్నారు. అన్నయ్య మీద భారం పడకూడదని..." ఆమె ఏడవలేదు. తల ఎత్తి వదిన వైపు చూసింది. చూసింది వదిన నిలబడ్డ చోటుకి కాదు, ఒక అడుగు పక్కకి.

ఆ అడుగు తేడాని వదిన చూసింది. పక్కపక్క మిషన్ల మీద, ఒకే ఇంట్లో, ఏడాదిపాటు తను చూడనేలేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో ఆ పిల్లకి కనపడలేదేమో అప్పుడు. అయినా పని ఆపలేదు. వెళ్ళి ఒక బద్ద ఊడదీయించి, దాన్నే తన కీళ్ళతో పన్నెండు కదుళ్ళకి బిగించింది. మళ్ళీ కొత్త కండెలు తొడిగారు. ఇంజినీరు ఈసారి కండె నిండేదాకా నిలబడే చూసింది. పన్నెండింటిలో ఒక్క పోగూ తెగలేదు.

తర్వాత జరిగినవి చకచకా జరిగాయి. మాస్టరుని సామాన్ల స్టోరుకి మార్చారు. కొత్త బద్దల పని వదినకి అప్పగించారు. మంచి ఉక్కుతో కీళ్ళు చేయించారు. వాటికి ఎక్కడ బెజ్జం వెయ్యాలో చెప్పడానికి గొడుగులాయన రెండు రోజులు మిల్లుకి వచ్చి, తిరిగి వెళ్ళేటప్పుడు మేనేజరు గొడుగు బాగుచేసి ఇచ్చాడు. కళ్ళ సంగతి నలుగురిలో బయటపడ్డాక ఆడపడుచుని మిషను మీద ఉంచడం కుదరదన్నారు. గోనె సంచులు మడిచే గదికి పంపారు.

వదిన ఆమెను కంటి ఆసుపత్రికి తీసుకువెళ్ళింది. బల్ల మీద పక్కపక్కన కూర్చున్నారు.

"నాతో ఎందుకు చెప్పలేదే?"

"చెప్తే నా మిషను కూడా నువ్వే చూసుకునేదానివి. నీకు కాళ్ళు పడిపోయేవి."

"మరి నువ్వు అంత పని ఎట్లా చేశావు?"

"నువ్వు మాత్రం తెలిసీ అన్ని నెలలు నన్నెట్లా పరుగెత్తించావు?"

డాక్టరు ఒక కంటికి శస్త్రచికిత్స చేశాడు, అది బాగైంది. రెండోదానికి ఆలస్యమైందన్నాడు. ఎన్నాళ్ళు ఆలస్యమైందని వదిన అడిగింది. మూడు నాలుగు నెలలు ముందొచ్చినా బాగుండేది, అన్నాడాయన.

మాస్టరు విషయంలో మాత్రం ఆమె మెత్తబడలేదు. కమ్మీ చుట్లు స్టోరు నుంచే రావాలి. చీటీ పట్టుకుని ఆమే వెళ్ళేది. నాలుగు వందలూ ఆయన చేతే ఒక్కొక్కటీ బల్ల మీద పరిపించేది. వెంట్రుకవాసి వంకర ఉన్నా వెనక్కి తోసేది. "ఇది పనికిరాదండీ. ఇది కూడా." గొంతు ఎప్పుడూ పెంచలేదు, గారు అనడం మానలేదు. ఆయన వంగి, ఇంకో పెట్టె తెరిచేవాడు. మూడేళ్ళు అలా సాగింది.

ఆయన పదవీ విరమణ రోజు షెడ్డులో సగంమంది గేటు దాకా వెళ్ళారు. వెళ్ళొచ్చినవాళ్ళు ఆయన బాగా ముసలివాడైపోయాడనీ, ఎవరి చెయ్యి పట్టుకున్నా వదల్లేదనీ, చూస్తే జాలేసిందనీ చెప్పుకున్నారు. వదిన వెళ్ళలేదు. జాలి వెయ్యలేదు. వెయ్యనందుకు కొంచెం భయం వేసిందని ఆ సాయంత్రం భర్తతో అంది. ఆయన గొడుగు కుడుతూ, దారం తెంపి ఇమ్మని చెయ్యి చాపాడు.